చెంగమ్మ చెప్పి పంపిన మాట

పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆవును అమ్మాలన్నా, అలిగి పుట్టింటికి పోయిన కోడల్ని తెచ్చుకోవాలన్నా మునస్వామిని పిలుస్తారు. రెండు పనులకూ ఆయన ఒకే తువ్వాలు భుజాన వేసుకుని పోతాడు. ఆ రెండింటికీ తేడా ఉందని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

పశువుల సంతలో దళారి పని చూసినవాళ్లకు తెలుసు. అమ్మేవాడు ఒక పక్క, కొనేవాడు ఒక పక్క, మధ్యలో దళారి. తువ్వాలు చేతుల మీద కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. నోరు మాత్రం వానల గురించీ, గడ్డి గురించీ మాట్లాడుతూ ఉంటుంది. తర్వాత కొనేవాడి దగ్గరికి పోయి అదే తువ్వాలు కింద ఇంకో లెక్క నొక్కుతాడు. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోకుండా చూసుకోవడమే అసలు పని. మాట్లాడుకుంటే దళారి దేనికి?

ఈ మధ్య పుంగనూరు పొట్టి ఆవులకు గిరాకీ పెరిగింది. బెంగుళూరు నుంచి కార్లలో వచ్చి, ఆవును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో దిగుతున్నారు. మునస్వామి చేతుల మీదుగా పోయిన ప్రతి పొట్టి ఆవూ అసలు సిసలు పుంగనూరు జాతిదే. అది పెరిగి పెద్దదయ్యేసరికి ఆయన ఆ కారుకు అందనంత దూరంలో ఉంటాడు.

కాపురాల బేరం కూడా ఇట్లాగే. ఒకసారి ఒక మొగుడు, "అది నా గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా" అని చెప్పి పంపాడు. మునస్వామి ఆ పిల్ల దగ్గరికి పోయి, "నీ కాళ్లు నొస్తాయేమోనని దిగులుపడతాండాడమ్మా, నడిసి రావద్దు, ఆటో పంపిస్తానన్నాడు" అన్నాడు. ఆ పిల్ల "వాని మొగం సూడను" అంటే, ఇవతలికి వచ్చి, "నీ మొగం సూసి ఎన్నాళ్లయిందో అని ఒకటే ఏడుపప్పా" అన్నాడు. ఇద్దరూ కలిశారు. ఊరు నవ్వుకుంది, మెచ్చుకుంది. కలిసినవాళ్లు కలిసే ఉన్నారా అని ఎవరూ అడగలేదు. వాళ్లు మళ్లీ కొట్టుకుంటే మళ్లీ మునస్వామే వచ్చాడు.

ఇంట్లో కూడా ఆయన దళారే. భార్య తాయమ్మకు బయటి మాట ఏదైనా ఆయన నోట్లో ఒకసారి నాని, మెత్తబడి చేరుతుంది. బి.కొత్తకోటలో ఇచ్చిన కూతురు జ్వరంతో ఆసుపత్రిలో పడుంటే, "బాగుండాది, పని ఎక్కువంట" అని చెప్పాడు. కూతురు లేచి తిరిగాక అసలు సంగతి చెప్పి, "ముందే సెప్పింటే నువ్వు ఊరికే కంగారుపడతావు" అన్నాడు. అది తన మంచితనమని ఆయన నమ్మకం. తాయమ్మకు ఒక చిన్న ఫోన్ ఉండేది. అది కుడితి తొట్టిలో పడి పాడైంది. చేయించి తెస్తానని తీసుకుపోయి ఎక్కడో పెట్టాడు. అడిగితే, "నా ఫోన్ ఉండాదిగదా, ఇంట్లో ఇద్దరికి రెండు ఫోన్లు యాల?" అన్నాడు. ఆ తర్వాత తాయమ్మ పుట్టింటి మాటలు కూడా మునస్వామి ఫోన్‌కే రావడం మొదలైంది.

మదనపల్లెలో విల్సన్ అని ఒకాయన ఉన్నాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు మానవ సంబంధాలు, కమ్యూనికేషన్ అని తరగతులు పెడుతున్నాడు. పెళ్లి కుదిరిన జంటలకు, కాలేజీ పిల్లలకు, ఎవరు పిలిస్తే వాళ్లకు. తెర మీద రెండు తలకాయల బొమ్మ వేస్తాడు. ఒక తలకాయ నోట్లోంచి రెండో తలకాయ చెవిలోకి ఒక బాణం గుర్తు పోతుంది. దారిలో ఆ బాణానికి అడ్డుపడేవాటిని లెక్కపెట్టి చెప్తాడు. ఆవు కొనడానికి వచ్చి పరిచయమైన విల్సన్ ఆ బొమ్మను ఫోన్లో చూపిస్తే మునస్వామి కాసేపు చూసి, "సార్, ఈ బాణం మధ్యలో మనిషి లేడే? మాట ఊరికే గాల్లో పోతాదా?" అన్నాడు. విల్సన్ మురిసిపోయాడు. ముప్పై ఏళ్లు పుస్తకాల్లో వెతికినా ఇంత లోతైన ప్రశ్న దొరకలేదన్నాడు. పుస్తకాలను ఆయన ఎట్లా చదివాడో అప్పుడే తెలిసిపోయింది.

ఆ విధంగా మునస్వామిని మదనపల్లెలో ఒక కాలేజీ హాల్లో మాట్లాడటానికి పిలిచారు. 'వినడం ఒక కళ' అని బ్యానర్ కట్టారు. మునస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక మీద కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు ఫోన్ కదిలింది. అత్త.

తాయమ్మ తల్లి చెంగమ్మ కలికిరిలో కొడుకు చంద్రమోహన్ దగ్గర ఉంటుంది. తనంతట తాను ఫోన్ చేసే మనిషి కాదు. ఎవరినో బతిమాలి నంబరు నొక్కించుకుంటేనే. మునస్వామి వేదిక దిగి, వరండాలో మంచినీళ్ల క్యాన్ పక్కన నిలబడి ఫోన్ ఎత్తాడు. చెంగమ్మ నిదానంగా మాట్లాడింది. ఆగి, దమ్ము తీసుకుని, మళ్లీ మాట్లాడింది. చానా చెప్పింది. ఫోన్ ఒక చెవి దగ్గర ఉంది. రెండో చెవిలో మైకు పడుతోంది. లోపల విల్సన్ ఆయన్ని పరిచయం చేస్తున్నాడు.

"ఊ" అన్నాడు మునస్వామి. "అట్లనే అత్తా. సెప్తాలే. ఊ." హాల్లో చప్పట్లు వినిపించాయి. "అత్తా, పెడతాండా. నన్ను పిలుస్తాండారు" అన్నాడు. అవతల ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది.

తర్వాత ఆయన మాట్లాడాడు. ఎదుటి మనిషి చెప్పేది చెవితో కాదు, కడుపుతో వినాలన్నాడు. పిల్లలు ఫోన్లలో తీసుకున్నారు. శాలువా కప్పారు.

ఇంటికి వచ్చేసరికి తాయమ్మ పశువులకు నీళ్లు పెడుతోంది. శాలువా చూసి, "బాగుండాది. ఆవు మీద కప్పేదానికి పనికొస్తాది" అంది. ఆయన నవ్వి, చొక్కా విప్పి తగిలిస్తూ, "మీయమ్మ ఫోన్ చేసింది" అన్నాడు.

"ఏమంట?"

"ఏముంటాది? బాగుండాదంట. నిన్ను అడిగినానని సెప్పమనింది."

"గొంతు ఎట్లుండాది?"

"గొంతుకేం, గంట మాదిరి ఉండాది."

"ఇట్లియ్యి, నేను మాట్లాడతా."

"ఛార్జింగ్ లేదు. సంత అయిపోనీ, ఇద్దరమూ ఒకసారి పోయి సూసొద్దాం."

రమ్మని చెంగమ్మ అన్నట్టు ఆయనకు లీలగా గుర్తుంది, ఏ మాటతో అన్నదో గుర్తులేదు. కానీ బెంగుళూరు మనిషి ఒకడు సంతకు వస్తానన్నాడు. అతనికి చూపాల్సిన ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది, అది తాయమ్మను తప్ప ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. తల్లి గొంతు వింటే తాయమ్మ పొద్దున మొదటి బస్సుకే కలికిరి పోతుంది. అందుకని మునస్వామి మాటను కొంచెం ఆపాడు. ఆపడం, సమయం చూసి వదలడం, అదే కదా విద్య.

సంత రోజున, మునస్వామి బెంగుళూరు మనిషి పక్కన నిలబడి ఉండగా చంద్రమోహన్ ఫోన్ చేశాడు. చెంగమ్మ పోయింది.

కలికిరిలో శవం పక్కన కూర్చుని ఏడుస్తున్న తాయమ్మ దగ్గరికి తమ్ముడు చంద్రమోహన్ వచ్చి కూర్చున్నాడు. వాడికి అక్క మీద కోపం ఉంది. దాచుకోవాలని చూశాడు గానీ చేతకాలేదు.

"ఒక్కసారన్నా రాలేకపోతివి కదక్కా. వాకిలి దిక్కే సూస్తా ఉండె."

"నాకెవురు సెప్పినార్రా?"

"బావకు సెప్పిందే! ఆ పొద్దు నేను సేను కాడ్నించి వచ్చేతలికి ఫోన్ పెట్టేసి కండ్లు తుడుసుకుంటాండె. ఏమ్మా అంటే, 'పెద్దపాపకు సెప్పాల్సింది అంతా అల్లునికి సెప్పేసినా, ఆయప్ప సెప్తాడు, నాకిప్పుడు నిమ్మళంగా ఉండాది' అనింది. ఏం సెప్పినావు అంటే, నీకు కాదులేరా అనింది."

తాయమ్మ ఏడుపు ఆపింది. తలెత్తి, గుంపులో నిలబడి పాడె కట్టేవాళ్లకు సలహాలు చెబుతున్న మొగుణ్ణి చూసింది. ఆయన ఆ చూపు చూశాడు. చూసి, పాడెకు ఇంకొక తాడు కావాలని అరిచాడు.

దినాలు అయిపోయాక తాయమ్మ పుంగనూరు బస్సు ఎక్కలేదు. రామకుప్పం దగ్గర పల్లెలో ఉంటున్న చెల్లెలు కుమారి వెంట పోయింది. పోయే ముందు మొగుణ్ణి ఒక్క మాట అడిగింది. "మాయమ్మ ఏం సెప్పింది?" ఇంటికి పోయి తీరిగ్గా చెప్తానన్నాడు. "అయితే ఇంటికి పో" అంది.

ఒక వారం పోయింది. ఈనిన ఆవు దూడను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనివ్వలేదు. మునస్వామి కాలి మీద ఒక తన్ను కూడా తన్నింది. ఊళ్లో అడగడం మొదలుపెట్టారు. నలుగురి కాపురాలు నిలబెట్టేవాడి పెళ్లాం చెల్లెలింట్లో కూర్చుంటే అది ఆయన పనికి మంచిది కాదు. వేరే ఎవరికైనా ఇట్లా జరిగితే మునస్వామి, "నువ్వే పోయి ఉండే మాట ఉన్నట్టు సెప్పు" అని చెప్పేవాడా? చెప్పడు. ఏ దళారీ తన ఆవును తానే సంతలో బేరమాడుకోడు. ఇంకో దళారి చేతికి తాడు ఇస్తాడు. ఈ ఒక్క నియమాన్ని ఆయన నమ్మకంగా పాటించాడు.

మొదట భీమరావును పంపాడు. భీమరావు మదనపల్లె టమోటా మండీలో దళారి. మునస్వామికి తగిన స్నేహితుడు. వాళ్లిద్దరూ హోటల్లో కూర్చుని, ముసలమ్మ ఏమని ఉంటే బాగుంటుందో ఆలోచించి ఒకటి తేల్చారు. భీమరావు ఆ మాటనూ, ఒక పెట్టె టమోటాలనూ తీసుకుని రామకుప్పం పోయాడు. కుమారి మొగుడు పండించేదే టమోటా. ఆమె ఆ పెట్టెను చూసి, "అన్నా, మా ఊరికి టమోటా తెచ్చినావా? సముద్రానికి ఉప్పు తీసకపోలేదా ఇంగా?" అంది.

భీమరావు నవ్వి, తాయమ్మ ముందు కూర్చున్నాడు. "వదినా, మీయమ్మ పోయే ముందర అన్నతో ఏమనిందంటే, 'తాయమ్మకు సెప్పు నాయనా, నీలాంటి బంగారట్లాంటి మొగుణ్ణి ఏ పొద్దూ ఇడిసిపెట్టొద్దని సెప్పు' అనింది."

తాయమ్మ రాగి వెన్నులు నలుస్తూ వింది. "అట్లనే అనిందా? తాయమ్మకు సెప్పు అని?"

"అట్లనే వదినా. అక్షరం పొల్లుపోలేదు."

"మాయమ్మ ఆయప్పను బంగారం అనిందా?"

"అనింది."

"పెండ్లయిన ఏడాదే, 'ఈ అల్లుడు నోటితో నవ్వుతాడు, కంటితో నవ్వడు' అనింది మాయమ్మ. సచ్చే ముందర కండ్లు కనిపించలేదేమోలే." ఆమె చేతులు దులుపుకుంది. "సూడన్నా. నాకు కోపం లేదు. ఆ పొద్దు మాయమ్మ ఏమనిందో, అది అన్నట్టే, ముందుది ముందు, ఎనకది ఎనక, ఆయప్పే వచ్చి నాకు సెప్పమను. తిట్టింటే తిట్టిందని సెప్పమను. విన్న పొద్దే బస్సెక్కుతా. ఈ మాట మార్సకుండా సెప్పు."

మార్చకుండా చెప్పడం భీమరావుకు కూడా అలవాటు లేదు. పుంగనూరు వచ్చి, "సగం మెత్తబడిందన్నా. ఇంగొక పెద్దమనిషిని పంపితే వచ్చేస్తాది" అన్నాడు. మునస్వామి నమ్మాడు. తను జీవితమంతా ఇతరులకు అమ్మిన సరుకును డబ్బాలోంచి తీసి తనకే ఇస్తే గుర్తుపట్టలేకపోయాడు.

పెద్దమనిషి అంటే విల్సన్. ఆయన ఆనందంగా ఒప్పుకున్నాడు. ఇది చక్కటి కేసు అన్నాడు. చెంగమ్మ మాట ఏమిటని అడిగితే మునస్వామి తడుముకుని, "అందరూ బాగుండాలనింది సార్, అట్లాంటిదే" అన్నాడు. మిగిలింది దారిలో విల్సన్ సొంతంగా పూర్తి చేసుకున్నాడు.

"సిస్టర్," అన్నాడు తాయమ్మతో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు కుర్చీ వేసుకుని. అట్లా కూర్చుంటే ఎదుటివాళ్లు మనసు విప్పుతారని ఆయన తరగతుల్లో చెప్తాడు. "ముందుగా మీ బాధను నేను అర్థం చేసుకుంటున్నాను."

"యా బాధ సార్?"

విల్సన్ ఆ ప్రశ్నను దాటేశాడు. "మీ అమ్మగారు చివరగా చెప్పింది ఏమిటంటే, 'తాయమ్మా, నేను అందరినీ క్షమించాను, నువ్వు కూడా క్షమించు' అని. ఎంత గొప్ప మాట, సిస్టర్."

కుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాయమ్మ మాత్రం నవ్వలేదు.

"మాయమ్మ ఎవుర్నీ క్షమించే మనిషి కాదు సార్. మేము పిల్లప్పుడు కోడిని తొక్కించిన బస్సు డ్రైవర్ని మొన్న మొన్నటి దాకా తిడతా ఉండె. వాడు సచ్చి ఎన్నేండ్లో అయింది."

"అది పైపై కోపం సిస్టర్. లోపల..."

"లోపల ఇంగా ఎక్కువ." ఆమె లేచి ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "సార్, మీరు సదువుకున్నోళ్లు. భీమన్నకు సెప్పింది మీకూ సెప్తాండా. ఆయప్పను రమ్మనండి. మాయమ్మ మాట ఉన్నది ఉన్నట్టు నాకు సెప్పమనండి. నాకు అంతే సాలు."

విల్సన్ తిరిగి వచ్చి, "ఆమె ప్రస్తుతం వినే స్థితిలో లేదు. లిజనింగ్‌లో లోపం ఉంది. రెండు మూడు సిట్టింగులు కావాలి" అని తేల్చాడు. మజ్జిగ బాగుందని కూడా చెప్పాడు. ఆయన తెచ్చిన వార్తల్లో నిజమైనది అదొక్కటే.

ఇద్దరు మనుషులు వచ్చిపోయినా మొగుడు రాకపోయేసరికి, తన మాట ఆయనకు చేరలేదని తాయమ్మకు అర్థమైంది. కూరగాయలు అమ్మడానికి పోతున్న చెల్లెలి వెంట కుప్పం పోయి, అక్కడ ఒక చిన్న ఫోన్ కొనుక్కుంది. ఆ అంగట్లోంచే మొగుడికి ఫోన్ చేసింది.

"ఎవురూ?" అన్నాడు మునస్వామి.

"నేనే."

పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య గొంతు ఫోన్లో ఆయన వినడం తక్కువ. ఏమి మాట్లాడాలో తోచక, "బాగుండావా?" అన్నాడు.

"మాయమ్మ ఏం సెప్పిందో వచ్చి సెప్పు. ఉన్నది ఉన్నట్టు సెప్తే వచ్చేస్తా. లేకుంటే రాను. భీమన్నకూ సెప్పినా, ఆ సారుకూ సెప్పినా. నీకు వాళ్లేం సెప్పినారో నాకు తెలీదు. అందుకే నేనే సెప్తాండా." పెట్టేసింది.

ఇప్పుడిక తప్పలేదు. మునస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. బస్సులో కూర్చుని, చెంగమ్మ మాటను గుర్తు తెచ్చుకోవడానికి మొదటిసారి నిజంగా ప్రయత్నించాడు. ఆమె గొంతు వచ్చింది. దమ్ము తీసుకోవడం వచ్చింది. మాట రాలేదు. రామకుప్పం దిగేసరికి, వెతకడం మానేసి తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతనైంది అదే.

అంతకు ముందు రోజు ఏనుగులు వచ్చి కుమారి రాగి చేనును తొక్కి పోయాయి. అక్కచెల్లెళ్లిద్దరూ పడిపోయిన పైరులో మిగిలిన వెన్నులు కోసుకుంటున్నారు. మునస్వామి గట్టు మీద నిలబడి, మట్టిలో పడ్డ పాదాల గుంతలు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఏనుగులు వచ్చినాయంటనే?"

"వచ్చినాయి," అంది తాయమ్మ కొడవలి ఆపకుండా. "నువ్వు యాలొచ్చినావో అది సెప్పు."

"కూసోని మాట్లాడుకుందాం రా."

"ఈడనే సెప్పు బావా," అంది కుమారి. "ఏనుగులు కూడా నిలబడే తినిపోయినాయి."

మునస్వామి గట్టు దిగి వచ్చాడు. ముఖం కొంచెం దించుకున్నాడు. ఇట్లాంటి సందర్భాల్లో ముఖం ఎంత దించాలో ఆయనకు తెలుసు.

"మీయమ్మ ఆ పొద్దు ముందుగా ఏమనిందంటే, 'తాయమ్మా, బిడ్డా, నిన్ను సూడాలని ఉండాది' అనింది."

తాయమ్మ కొడవలి ఆగింది. "తాయమ్మా అనిందా?"

"అనింది."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"అనిందంటాంటే! ఈ చెవితో విన్నా. 'తాయమ్మకు సెప్పు నాయనా' అని రెండు మూడు తూర్లు అనింది."

తాయమ్మ చెల్లెలి వైపు చూసింది. కుమారి తల తిప్పుకుంది.

"మా నాయనమ్మ పేరు తాయమ్మ," అంది తాయమ్మ. "ఆ పేరే నాకు పెట్టినాడు మా నాయన. అత్త పేరు కోడలి నోట్లోకి రాకూడదని, నేను పుట్టినప్పుట్నించి మాయమ్మ నన్ను పెద్దపాప అనే పిలిసింది. నాయనమ్మ పోయినా కూడా ఆ పేరు పలకలేదు. రేషన్ అంగట్లో నా పేరు అడిగితే కూడా పక్కనోళ్లతో సెప్పించేది. ముప్పై ఏండ్లు మాయింటికి వస్తా పోతా ఉండావే, ఆమె నన్ను ఏమని పిలుస్తాదో నీ చెవిలో ఒక్కసారన్నా పడలేదా?"

మునస్వామికి ఆ పిలుపు పడింది. పండగలకూ, పెళ్లిళ్లకూ, ఆ ముంగిట్లో లెక్కలేనన్నిసార్లు పడింది. పడి, ఎక్కడా నిలవకుండా పోయింది.

"భీమన్న వచ్చి తాయమ్మ అన్నాడు. సారు వచ్చి తాయమ్మా అన్నాడు. వాళ్లకు తెలీదులే, నీకన్నా తెలుస్తాదనుకున్నా." ఆమె గొంతు పెంచలేదు. "పోనీ. అంతా వద్దు. నిజంగా ఆమె నోట్లోంచి వచ్చింది ఒక్క మాట సెప్పు. ఒక్కటి సాలు, వచ్చేస్తా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఈసారి నాటకం కాదు. వరండా గుర్తొచ్చింది. నీళ్ల క్యాన్ గుర్తొచ్చింది. "ఆ పొద్దు మైకు గట్టిగా వినపడతా ఉండె," అన్నాడు. "విల్సన్ సార్ నన్ను గురించి సెప్తాండె..."

"ఏం సెప్పినాడు?"

"'ఇప్పుడు మన ముందుకు వస్తున్న వ్యక్తి పెద్ద చదువులు చదవలేదు. కానీ వినడం అనే విద్యలో ఈయన ముందు మనమంతా ఒకటో తరగతి పిల్లలం. ఈయన చెవి ఎన్నో కాపురాలను...'"

ఆయన ఆగేసరికి పరిచయం మూడు వంతులు అయిపోయింది. ఎక్కడా తడబడలేదు. విల్సన్ ఆపిన చోట ఆపాడు, ఒత్తిన చోట ఒత్తాడు. కుమారి చేతిలోని గంపను కింద పెట్టింది. 

"అది బాగా గుర్తుండాది," అంది తాయమ్మ.

ఇక్కడ ఇంకొకడైతే ఆ చేలోనే కూలబడి ఉండేవాడు. మునస్వామి బేరం తెగుతున్నదని గ్రహించాడు. దగ్గరికి జరిగి, కుమారికి వినపడకుండా గొంతు తగ్గించాడు. సంతలో అందరికీ నచ్చిన గొంతు అది.

"సూడు తాయీ. ఆమె పోయింది. ఏమనిందో నీకూ తెలీదు, నాకూ గుర్తులేదు. మనిద్దరి మధ్యనే అనుకో. యా మాట అనింటే నీ మనసు నిమ్మళమవుతాదో అది సెప్పు. ఆ మాటే అనిందని నేను ఒప్పుకుంటా. మీ తమ్మునికీ అదే సెప్తా. పది మందిలో కూడా అదే సెప్తా. సరేనా?"

ఎంతో ఉదారంగా ఉన్నాననే ఆయన అనుకున్నాడు. అది ముఖంలో కూడా కనిపించింది.

తాయమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చూసి మునస్వామికి ఆశ కలిగింది.

"గుర్తులేదని మొదటి దినమే సెప్పింటే," అందామె, "నిన్ను నాలుగు తిట్టి, రెండు దినాలు ఏడ్సి, నీ యెంటనే వచ్చింటాను. మరిసిపోతే మనిషి. మాయమ్మ సచ్చేముందర దమ్ము కూడగట్టుకోని సెప్పిన మాటను, నన్నే కల్పించుకోమంటాండావు. ఇంగ పో."

"తాయీ..."

"కుమారీ, మీ బావకు మజ్జిగ ఇచ్చి పంపు. బస్సుకు టైమయింది."

ఆయన గట్టు ఎక్కబోయి వెనక్కి తిరిగాడు. ఊరు గుర్తొచ్చింది. "ఊర్లో అడుగుతారే. ఏమని సెప్పేది? నువ్వు ఏం సెప్పమంటే అదే సెప్తా. ఈ తూరి మార్సను."

"నీతో మాట సెప్పి పంపేంత నమ్మకం మాయమ్మకే ఉండె. ఆమెతోనే పోయింది," అంది తాయమ్మ. పడిపోయిన పైరులోకి వంగింది.

కుమారి మజ్జిగ ఇచ్చింది. తాగాడు. బస్సు వి.కోట దాటాక, పుంగనూరు మనిషి ఒకాయన ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఏం మునస్వామన్నా, ఈ దిక్కున?"

"మా మరదలు వాళ్లకు ఏనుగుల బాధప్పా. పాపం, ఒంటి మనుషులు. కొన్నాళ్లు తోడుండమని మా ఇంటామెను నేనే దిగబెట్టి వస్తాండా."

"మంచి పని చేసినావు. అవునూ, మీ అత్తగారు పోయిందంట కదా. పోయే ముందర నీతో ఫోన్లో మాట్లాడిందంటనే? ఏమన్నా సెప్పిందా?"

మునస్వామి ఒకసారి కిటికీలోంచి బయటకు చూసి, నిట్టూర్చి, మొదలుపెట్టాడు. పలమనేరు వచ్చేదాకా చెప్పాడు.